సుద్దగీతల వంటిల్లు

తాడిపత్రిలో బండల పాలిష్ పని చేసే ఆదెప్ప ఊళ్లో ఎందరి ఇళ్లలోనో వంటగట్లు నిలబెట్టాడు. సొంత ఇంట్లో మాత్రం అతని పెళ్లాం ఓబులమ్మ ఇంకా నేలమీది కట్టెల పొయ్యి ముందు కూర్చుని ఊదుతూనే ఉండేది. ఆ ఏడు ఇంటికి గ్యాసు పొయ్యి రావడంతో గట్టు కట్టకుండా తప్పించుకునే దారి ఆదెప్పకు లేకపోయింది.

వంటింటి ఇరుకు సంగతి ఏం చెప్పాలి. ఓబులమ్మ లోపలుంటే పిల్లి కూడా గడప దగ్గరే ఆగి, ఆమె బయటికొచ్చాక లోపలికి పోయేది.

ఆదివారం పొద్దున ఆదెప్ప ఆ గదిని టేపుతో కొలిచి, అదే కొలతకు వాకిట్లో సుద్దముక్కతో గీతలు గీశాడు. గట్టు వచ్చేచోట ఇటుకలు పేర్చాడు.

"ఇవే గోడలనుకో. వచ్చి వంట చేసి చూపిచ్చు" అన్నాడు.

ఓబులమ్మ గీత అవతలే నిలబడింది.

"ఏమ్మే, రా."

"తలుపు తీయల్లేదు గదప్పా."

పక్కింటి అరుగు మీదున్న అంజినప్ప కిసుక్కుమన్నాడు. ఆదెప్ప ముఖం గంటు పెట్టుకునే లేని తలుపు తీశాడు. ఆమె లోపలికొచ్చి ఇటుకల ముందు నిలబడింది. గట్టు ఆమె రొమ్ముల దాకా వచ్చింది.

"ఇది పొయ్యి గట్టా, పంచాయితీ అరుగా? సట్టిలో ఏముండాదో చూడల్లంటే నిచ్చెన కావల్ల."

తన పొడుగుకు కొలుచుకున్నానని ఆదెప్ప ఒప్పుకోలేదు. పై వరుసల ఇటుకలు మాత్రం తీసేశాడు.

"ఇంగ సంగటి కెలుకుతా" అంటూ ఓబులమ్మ కింద కూర్చుని, లేని సట్టిని పాదాలతో అదిమిపట్టి, లేని కట్టెతో కెలకసాగింది. కాళ్లు గీత దాటిపోయాయి.

"మా ఇంట్లోకి వచ్చినాయి వదినా" అన్నాడు అంజినప్ప.

"నిలబడి కెలకరాదా?" అన్నాడు ఆదెప్ప.

"నువ్వు కెలుకు, చూస్తా. సట్టి పొయ్యి మీద నిలుస్తాదా?"

ఆదెప్ప ఆలోచించాడు. గట్టును ఒక పక్క కురచ చేసి, నేలమీద ఆమె కూర్చునే చోటు వదిలాడు. గిన్నెలకు పైన అర గీశాడు. చెరిపి గీసి, గీసి చెరిపి మధ్యాహ్నానికి అన్నీ ఇమిడాయి. ఓబులమ్మ మాత్రం ఒక గీత వైపే చూస్తూ ఉండిపోయింది.

"ఇంగేం తక్కువ?"

"ఈ గోడ."

అది వంటింటికీ ముందుగదికీ మధ్య గోడ.

"గోడేం చేసె?"

"మీరంతా ఆ పక్క కూర్చోని నవ్వుతాంటారు. ఏమిటికి నవ్వినారని ఈడ్నుంచి అరిచి అడిగితే, ఏం లేదులే అంటారు. పెండ్లయినప్పట్నుంచి అదే వింటాండా."

ఈసారి ఆమె గొంతులో ఎగతాళి లేదు. అంజినప్ప వీధి వైపు తిరిగాడు. ఆదెప్పకు తాను నిలబెట్టిన గట్లన్నీ కళ్లముందు తిరిగాయి. అన్నీ గోడకు ఎదురుగానే. వండే మనిషి ముఖం ఎటుంటుందని ఎవరూ అడగలేదు, తానూ అనుకోలేదు. కాలితో ఆ గీతను నడుమ చెరిపేశాడు.

తర్వాతి వారం అంజినప్పతో కలిసి గోడ పైసగం కొట్టి, కప్పు దిగకుండా పైన అడ్డబండ ఆనించి, ఒక పొడుగు నల్లబండను ఇటు గట్టుగా, అటు ముందుగదిలో అరుగ్గా వేశాడు. ఆ దుమ్ములోనే వాకిట్లో వండుతూ, "కూరకు ఉప్పు ఎయ్యాల్నా, సున్నం చాలునా?" అని ఓబులమ్మ రోజూ అడిగేది.

పని ముగిసిన సాయంత్రం ఆదెప్ప ముందుగదిలో బండకు ఆనుకుని కూర్చుని, బండల ఫ్యాక్టరీలో మేస్త్రీ తన చెప్పులు తానే పోగొట్టుకుని అందరినీ నిలదీసిన కథ మొదలుపెట్టాడు. ఓబులమ్మ పప్పు కలుపుతూ వింది, మధ్యలో నవ్వింది. ఆ తర్వాత ఎర్రగడ్డలూ కత్తీ తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఇదేమి?"

"చెప్పేదానికి నోరు చాలు గదా. చేతులు ఊరికే ఉండాయి."

ఆదెప్ప కళ్లు తుడుచుకుంటూ కోశాడు. చెప్పులు ఎక్కడ దొరికాయో చెప్పేసరికి సగం గడ్డలు మిగిలే ఉన్నాయి.

"ఇంగొకటి చెప్పు" అంది ఓబులమ్మ.