పది నెలల మెడ

“ఇంత పొడుగు పిల్లను వెనక్కి తిప్పి కూర్చోబెడితే కాళ్ళు యాడ పెట్టుకుంటాదే?” అని మా అత్త నిర్మలమ్మ అడిగినప్పుడు నేను ఇడ్లీ రేకులు తోముతున్నాను. జవాబు నా దగ్గర ఉంది. మద్రాసులో ఆ కారు సీటు కొనేటప్పుడు అంగడాయన్ని నేను అడిగిన మొదటి ప్రశ్న కూడా అదే. కాని ఆ రోజు కొత్తగా కొన్న కారుకు పూజ చేయించడానికి ఆరింటికల్లా కాణిపాకం బయలుదేరాలి, పులిహోర ఇంకా కలపలేదు, పిల్లకు నీళ్ళు పోయలేదు. తరువాత చెప్పొచ్చులే అని రేకులు బోర్లించాను.

తిరుపతిలో నాకు పిల్లల బట్టల అంగడి ఉంది. సరుకుకు నెలకు రెండుసార్లు మద్రాసు పోతాను. రెండువేల ఆరులో అంగడి ఆదాయంతోనే పాత కారొకటి తీసుకున్నాం. నడిపేది మా ఆయన గిరిప్రసాద్ కాబట్టి బంధువులంతా దాన్ని గిరి కారు అనేవాళ్ళు. నేనూ అట్లే అనేదాన్ని. ఆ నెలలోనే మద్రాసులో ఒక అంగట్లో పసిపిల్లల సీట్లు కనబడ్డాయి. కారు వెనక సీటు మీద పెట్టి బెల్టుతో బిగిస్తే పిల్ల ముఖం వెనక అద్దం వైపు ఉంటుంది. గట్టిగా బ్రేకు వేసినా తల విసురుకుపోదు, వీపూ తలా కలిపి సీటే కాచుకుంటుంది. రెండు రకాలు చూపించారు. పొట్టిది చవక. నా కూతురు మోక్షితేమో పది నెలలకే ముప్పై ఒక్క అంగుళాలు. కొత్తవాళ్ళు ఏడాదిన్నర పిల్ల అనుకొని “ఇంకా నడవలేదా?” అని జాలిపడేవాళ్ళు. “మా వంశంలో ఆడోళ్ళకు ఈ పొడుగు లేదమ్మా, నీకు మొగుణ్ణి యాడ తేవాల?” అని మా అత్త దాన్ని ఒళ్ళో పెట్టుకొని, నాకు వినబడేలా అడిగేది.

“కాళ్ళు చూడొద్దమ్మా, తల చూడు,” అన్నాడు అంగడాయన. “కాళ్ళు మడుచుకుంటారు, పైకెత్తుకుంటారు, ఆ తిప్పలు వాళ్ళే పడతారు. తల మాత్రం సీటు అంచు దాటకూడదు.” నేను టేపు తీసి రెండు సీట్ల వీపులూ కొలిచాను. ఇంటికొచ్చి పిల్లను గోడకు ఆనించి కూర్చోబెట్టి కొలిస్తే పందొమ్మిది అంగుళాలు వచ్చింది. పొట్టి సీటు వీపు ఇరవై, పెద్దదానిది ఇరవై మూడు. మళ్ళీ సరుకుకు పోయినప్పుడు పెద్దదే తీసుకొని బస్సు పైన వేయించుకొని వచ్చాను. కొనడంలో నేను పొరపాటు పడలేదు. పొరపాటు వాకిట్లో జరిగింది.

పెద్ద సీటు కనుక దానికి జాగా ఎక్కువ కావాలి. డ్రైవరు పక్క సీటును బాగా ముందుకు జరిపితే తప్ప పట్టలేదు. ఆ ముందు సీటు మా అత్తది. కాణిపాకం బయలుదేరిన ఆ పొద్దున ఆమె ఎక్కి కూర్చోగానే మోకాళ్ళు ఎదురుగా ఉన్న డ్యాష్‌బోర్డుకు తగిలాయి.

“సూడప్పా గిరీ, నాకు మోకాళ్ళు మడిసేకి కాదని తెలిసీ నీ పెండ్లాం ఏం చేసిందో! పిల్లేమో కారు ముందర వినాయకుని బొమ్మ పెట్టుకోని ఆయప్పకు వీపు తిప్పి కూర్చోనుండాది. ఇదేం పూజకు పొయ్యేది?”

“ధరణీ, దాన్ని ముందుకు తిప్పరాదా? అట్లా కూడా కట్టచ్చని పెట్టె మీద బొమ్మ ఉండాదే,” అన్నాడు మా ఆయన.

“అది పెద్ద పిల్లలకండీ. దీనికి ఇంకా ఏడాది నిండలేదు.”

“చూస్తే ఏడాదిన్నర మాదిరుండాది కదా.”

మా అత్త నవ్వింది. “అంగడికొచ్చినోళ్ళకంతా నువ్వే చెప్తావు కదమ్మే, వయసు చెప్పొద్దండి, పొడుగు చెప్పండి అని. నీ కూతురికి మాత్రం వయసు చూస్తావా?”

అది నా మాటే. ఏడాది పిల్లకని కొనుక్కుపోయి, పట్టలేదని వెనక్కి తెచ్చేవాళ్ళతో విసిగి పదేళ్ళుగా నేను అందరికీ చెప్పే మాట. బట్టలకు అది నూటికి నూరుపాళ్ళు నిజం. నా వ్యాపారాన్ని కాలక్షేపం అనే ఇంట్లో మొదటిసారి నా వ్యాపారపు మాటను తీర్పులాగా చెప్పారు. దాచడమెందుకు, నాకు లోపల కొంచెం గర్వంగా కూడా అనిపించింది. అంగడాయన చెప్పింది, టేపు చెప్పింది ఆ గర్వంలో కొట్టుకుపోయాయి. పైగా ప్రొద్దుటే వాకిట్లో గొడవెందుకు, ఎదురింటివాళ్ళు ముగ్గేస్తున్నారు. బెల్టు విప్పి, సీటు ముందుకు తిప్పి, నా చేతులతోనే బిగించాను. మా అత్త తన సీటు వెనక్కి జరుపుకుంది. పిల్ల కాళ్ళు వేలాడేసుకొని నన్ను చూసి నవ్వింది. “సూడు, ఎంత సుఖంగా ఉండాదో,” అంది మా అత్త.

కాణిపాకం ఇంకొంత దూరం ఉందనగా, ఐరాల వైపు నుంచి చెరకు ట్రాక్టరొకటి అడ్డంగా రోడ్డెక్కింది. మా ఆయన బ్రేకు తొక్కాడు. కారు దేనికీ తగల్లేదు. మాకెవరికీ గీత కూడా పడలేదు. పిల్ల భుజాలను పట్టీలు పట్టుకున్నాయి. తలను పట్టుకునేది ఏదీ లేదు. ముందుకు విసురుకుపోయి వెనక్కి వచ్చి కొట్టుకుంది. ఏడ్చింది, కాసేపటికి ఆగింది. గుడి దగ్గర కారు దిగి నేను పక్కనుంచి పిలిస్తే అది తల తిప్పలేదు. కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది.

పూజ చేయించకుండానే చిత్తూరుకు పోయాం. డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఎముకకు దెబ్బ లేదు, మెడ బెణికింది అని మెడకు పట్టీ వేసి, మూడు వారాలు తీయొద్దు అన్నాడు. “ఎన్ని నెలలు?” అని అడిగాడు. పది అన్నాను. ఆయన పిల్లను మళ్ళీ తల నుంచి కాళ్ళ దాకా చూశాడు. “మనిషి పొడుగుండాది గానీ, మెడ పది నెలలదే కదమ్మా. సీటు ఎటు తిప్పి కట్టినారు?”

నేను నోరు తెరిచేలోపల మా ఆయన, “ఆమే కట్టిందండీ. వాటి సంగతులన్నీ ఆమెకే తెలుసు,” అన్నాడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

ఆ మూడు వారాలు పిల్లను పడుకోబెట్టడం, ఎత్తుకోవడం, పాలు పట్టడం అన్నీ కొలిచినట్టు చెయ్యాల్సి వచ్చింది. తల కదలకుండా ఒక చెయ్యి ఎప్పుడూ మెడ కింద. అంగడికి పిల్లతోనే పోయాను. మా ఆయన ఆఫీసుకు పోయాడు. మా అత్త దిష్టి తీసింది, నిజంగానే ఏడ్చింది, తరువాత “ఆ సీటు పీడ, అటకెక్కించు,” అంది. మెడ పట్టీతో అది ఏడ్చినప్పుడల్లా ఆమెనో ఆయన్నో తప్పు పట్టాలని చూసేదాన్ని. బెల్టు బిగించింది నా చేతులే కాబట్టి ఆ తప్పు ఎవరి మీద పెట్టినా మళ్ళీ నా దగ్గరికే వచ్చేది.

పట్టీ తీసిన మరుసటి ఆదివారం మా ఆయన చిన్నాన్న వరదయ్య ఇంట్లో పెళ్ళి, చిత్తూరులో. అందరికంటే ముందు లేచి కారు దగ్గరికి పోయి సీటును వెనక్కి తిప్పి కట్టాను. ముందు సీటు చివరిదాకా జరిపాను. మా అత్త పట్టుచీరతో వచ్చి తలుపు దగ్గర నిలబడిపోయింది.

“మళ్ళీనా? నేను యాడ కూర్చోవాల?”

“వెనక నా పక్కన కూర్చోండత్తా. కాదంటే బస్సుండాది.”

“ధరణీ!” అన్నాడు మా ఆయన. నేను బెల్టును ఇంకోసారి లాగి చూసుకున్నాను. ఆయన పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. మా అత్త గొణుక్కుంటూ వెనక్కి ఎక్కింది.

ఆ మాట అనడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. కాణిపాకం పోయిన పొద్దున కూడా అంతే పట్టి ఉండేది.