కాలిన కొట్టం

...ముందు నీళ్లు చల్లాలి, ఆ తర్వాతే ఊడ్వాలి, లేకపోతే బూడిదంతా ఛాతీలోకి పోతుందని దవాఖానలో నర్సు చెప్పింది కదా, స్నేహలత ముక్కుకు తడిగుడ్డ కట్టుకొని బిందె వంచింది, నల్లటి నేల సుయ్‌మంది, ఇన్ని రోజులైనా అడుగున నిప్పుందన్నమాట, కర్రతో పొడిచి చూడకుండా కాలు పెట్టొద్దు, ఈ దూలం పక్కనే కదా బర్రెలను కట్టేసేది, ఆ రోజు గుట్ట మీద పొగ చూసి ఎవరో గడ్డి కాలబెడుతున్నారులే అనుకున్నారు, గాలి మళ్లింది, ఎండుగడ్డి పట్టుకొని మంట ఇంటిదాకా దిగింది, అత్త లక్ష్మీనర్సమ్మ మంచం దిగదు, నన్ను ఇడిశిపెట్టి మీరు పోండి బిడ్డా అంటుంది, ఊకో అత్తమ్మా అని ఆమెను వీపుకెత్తుకొని దున్నిన చెలకలోకి పరుగెత్తింది, అక్కడ కాలడానికి గడ్డిపరక లేదు, వట్టి మన్ను, ఆ మన్నే కాపాడింది, భర్త బాలరాజు పలుపులు కోసి బర్రెలను తరిమాడు, అవి దాటాయి, లోపలి మూలనున్న దుడ్డె మాత్రం, ఉన్న ఒక్క ద్వారంలోనే మంట, బయటికి ఇంకో దారి లేదు, దాని అరుపు, వద్దు, నీళ్లు చల్లు.

బాలరాజు గట్టు మీద నుంచి లేవడు, పొద్దున్నుంచి ఒకటే మాట, కొత్తవాడకు పోదామే, మా మామ మగ్గం మీద పని ఇప్పిస్తా అంటాండు, ఈ గుట్ట కింద నాకిగ నిద్ర పట్టది, ఆమెకు మాత్రం పడుతోందా, ఎవరింట్లోనో పొయ్యి రాజేసినా ఉలిక్కిపడి లేస్తోంది, పోతే పోవచ్చు, జంపఖానాలు నేయడం నేర్చుకోవచ్చు, బర్రెలను అమ్మాలి, అమ్మకపోతే ఆ ఇరుకు గల్లీలో ఎక్కడ కడతారు, ఇక్కడైతే గుట్ట వైపు గడ్డంతా చెక్కేయాలి, గడ్డివాము దూరంగా వేయాలి, నీళ్ల డ్రమ్ము ఈ పక్కన, కర్ర కొసతో మసి మీద గీతలు పడుతున్నాయి, ఎప్పుడు లేచి వచ్చాడో, ఏం గీస్తానవ్ అని బాలరాజు అడిగాడు, కొట్టం అంది, రెండు దిక్కులా ద్వారాలు పెట్టాలె అంది, అతను ఆ గీతలనే చూస్తూ, నాకు భయమైతాంది లతా అన్నాడు, పెళ్లయ్యాక అతని నోట ఆ మాట వినడం ఇదే మొదలు, నాకూ అయితాంది అంది, అన్నాక గానీ ఆమెకు తెలియలేదు, పోవాలా ఉండాలా అని తన మనసు అడగడం ఎప్పుడో మానేసిందని, ఆ భయంతోనే తను ఇక్కడ ఉండబోతోందని.