కాలి కింద దబ్బనం

పక్కింటి జార్జి నీళ్ల డ్రమ్ము వెనకనుంచి లేచి తాతబ్బాయి మెడమీద పడేసరికి తెల్లవారి ఐదైంది. నూకరత్నం వాకిట్లో కూర్చుని సిగ్డీకి విసురుతోంది. భిలాయి వచ్చిన ఈ ఆరేళ్లలో బొగ్గుల పొయ్యిని సిగ్డీ అనడం ఆమెకు అలవాటైంది గానీ, వేళకు అంటుకోవడం దానికింకా అలవాటు కాలేదు.

పొగలో ముందేమీ కనబడలేదు. వినబడింది. గోనె బస్తాను నేలకేసి కొట్టినట్టు ఒక చప్పుడు, ఆ బస్తాకే నోరొచ్చినట్టు ఒక మూలుగు. మూలుగు మొగుడిదని పోల్చుకున్నాక విసనకర్ర పారేసి లేచింది.

"దొరికినావురా! మూడుసార్లు పొడిసినావు, నాలుగోసారి దొరికినావు!" జార్జి అతని గుండెల మీద కూర్చుని మొహం మీద గుద్దుతున్నాడు. రాత్రంతా రెండిళ్ల మధ్య నిలబెట్టి ఉండే జార్జి సైకిలు పక్కన పడి ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది.

సరిగ్గా అప్పుడే తాతబ్బాయి కుడిచేతిలోంచి ఏదో జారింది. పల్చగా, పొడుగ్గా, మెరుస్తూ వచ్చి నూకరత్నం కాలి దగ్గర ఆగింది. దబ్బనం. కన్నంలో ఎర్ర దారప్పోగు. అమ్మ చీపురుపల్లినుంచి వస్తూ తెచ్చిచ్చిన దబ్బనం అది. రిసాలి బస్తీలోని ఈ ఇళ్ల లైను మొత్తం గోనెలూ పరుపులూ దానితోనే కుట్టుకుంది. కిందటి నెల జార్జి పెళ్లాం లూసీ కూడా పట్టుకెళ్లింది. లైనులో దాన్ని గుర్తుపట్టనివాళ్లు లేరు.

నూకరత్నం ఏమీ ఆలోచించలేదు. కాలు ముందుకు వేసి దానిమీద నిలబడింది.

జార్జి, తాతబ్బాయి యాభై ఎనిమిదిలో విజయనగరంలో ఒకే రైలెక్కి, ఒకే కేరియరులోది తింటూ వచ్చినవాళ్లు. ఉక్కు ప్లాంటులో ఇద్దరికీ ఒకే క్రేను. తాతబ్బాయి పొద్దున్న ఆరునుంచి రెండు, జార్జి రెండునుంచి పది, రాత్రికి సత్యరాజు. క్రేను పనిలో ఒకటే రూలు. పైన కేబినులో ఉన్నవాడు, తర్వాతి షిఫ్టువాడు, అంటే రిలీవరు, నిచ్చెనెక్కి వచ్చేదాకా దిగకూడదు. ఇంట్లో పెళ్లైనా, చావైనా అంతే. రిలీవరు అరగంట దాటినా రాకపోతే ఆ షిఫ్టు కూడా పైవాడిదే. వాడికి డబుల్ డ్యూటీ, రానివాడి పేరు మీద ఎర్రసిరా.

క్రేన్ల మీద అజమాయిషీ చేసే చార్జిమేను పోస్టు ఒకటి ఖాళీ అయింది. దానికి ఉన్నవి ఈ ఇద్దరి పేర్లే. దీపావళి వెళ్లాక జార్జి సైకిలుకు సగం దారిలో పంక్చర్లు మొదలయ్యాయి. మూడుసార్లు సైకిలు నడిపించుకుంటూ పోయి చూస్తే తాతబ్బాయి పైనే ఉన్నాడు. "పరవాలేదొరే, నాను సూసుకుంటాను, నువ్వింటికి పో" అన్నాడు పైనుంచి, ఎంతో దయగా. నాలుగో ఎర్రసిరా పడితే జార్జిని క్రేను మీదనుంచి దించి కింద మోతపనికి, ఖలాసీగా వేస్తారు. ఈవేళ అంత తెల్లవారు జామున అతను డ్రమ్ము వెనక నక్కి కూర్చున్నది అందుకే.

ఇక తాతబ్బాయి. రానివాళ్లెవరి క్రేనైనా ఎక్కి నెలలో పద్దెనిమిది డబుల్సు చేసిన మనిషి ఇంటికి నిద్రపోవడానికీ, కొట్టడానికీ మాత్రమే వచ్చేవాడు. రెంటికీ పెద్దగా టైము తీసుకునేవాడు కాదు. పోయిన వారం "మన గుంట ఛాయ ఏ క్లాసో సెప్పు సూద్దాం" అని సరదాకి అడిగినందుకు నూకరత్నం దవడ ఇప్పటికీ నములుతుంటే టిక్కుమంటోంది.

మరి దబ్బనం మీద కాలెందుకు వేసినట్టు? చార్జిమేనైతే సెక్టర్ సెవెన్లో క్వార్టరిస్తారు. మూడు గదులు, వంటింట్లోనే కుళాయి. ఆరేళ్లుగా వీధి కుళాయినుంచి బిందెలు మోస్తున్న ఆడదానికి వంటింట్లో కుళాయంటే ఏమిటో, దాన్ని మోయనివాళ్లకి చెప్పినా తెలీదు. దవడ నొప్పిని కూడా ఆమె ఆ కుళాయి ఖాతాలోనే వేసుకుంది.

తాతబ్బాయి చెయ్యి నేలమీద తడిమి తడిమి సిగ్డీ పక్కనున్న పట్టకారును పట్టుకుంది. దాన్ని జార్జి నోటిమీద అడ్డంగా వేశాడు. పిడత పగిలినట్టు చప్పుడైంది. జార్జి పక్కకి ఒరిగాడు. గడ్డం మీదనుంచి రక్తం తీగలా సాగింది. తాతబ్బాయి లేచి డొక్కలో తన్నాడు. జార్జి ఆ కాలే పట్టుకుని లాగి, సైకిలు పంపు తీసి మోకాలి మీద, భుజం మీద, ఎక్కడ తగిలితే అక్కడ బాదాడు. ఇద్దరూ కొట్టుకుంటూ దొర్లి సిగ్డీని తన్నేశారు. సగం రాజిన బొగ్గులు వాకిలంతా పరుచుకున్నాయి. ఒకటి తాతబ్బాయి బనీనులో దూరింది. అతను వేసిన కేకకి లైను మొత్తం లేచింది.

"అరే క్యా హో రహా హై?" అని ఎవరో కిటికీలోంచి అడిగి, ఏమవుతోందో చూసి, కిటికీ మూసేసుకున్నారు.

విడదీద్దామని నూకరత్నం ఒక్క అడుగు కదలబోయింది. ఈలోగా దొర్లుకొచ్చిన జార్జి భుజం ఆమె మోకాలికి తగిలింది. బరువంతా అరికాలి మీద పడింది. దబ్బనం మొన ఏటవాలుగా లేచి పాదంలో దిగింది. ఆమె నోరు తెరవలేదు. కదిలితే కుళాయి పోతుంది.

లూసీ పరుగెత్తుకొచ్చి చీపురు తిరగేసి తాతబ్బాయి వీపు మీద నాలుగు వేసింది. "పల్లు రాలగొట్టేసినాడు! మా ఆయన పల్లు రాలగొట్టేసినాడు! నీ సేతులు పడిపోనూ!"

"ముందెవుడు కొట్టినాడో అడుగే నీ మొగుడ్ని!" అని తాతబ్బాయి అరిచాడు.

ఎదురింటి వాసుదేవరావుగారు మఫ్లరుతో, పళ్లపొడి నోటితో కంచెదాకా వచ్చారు. ఆయన టైమాఫీసులో గుమస్తా. ఎర్రసిరా బుడ్డి ఆయన దగ్గరే ఉంటుంది. కంచె దాటి మాత్రం రాలేదు. దెబ్బలు ఎవరివో రాసుకోగలరు గానీ, తినే ఉద్దేశం ఆయనకు లేదు.

"ఏమయ్యా, తెల్లారకుండా ఏమిటీ రభస?"

జార్జి గోడ పట్టుకుని లేచాడు. నోట్లోంచి ఒక పన్ను అరచేతిలోకి ఊసి చూసుకున్నాడు. "పంతులుగారూ, నా టైరులో ముల్లు పెడతన్నాడండి. ముందు దేంతోనో పొడిసి, దాంట్లో తుమ్మముల్లు దిగేస్తన్నాడు. నిలబెడితే గాలి పోదు, రెండు మైళ్లు తొక్కితే పోద్ది. రోడ్డుమీది ముల్లు టైరు పక్కన ఎలా గుచ్చుకుంటాదండి?"

"నాను గాలి సూస్తన్నాను. సాయానికెల్తే సంపేస్తన్నాడు" అన్నాడు తాతబ్బాయి. పెదవి రెండుగా చీలి, మాట మధ్యలోంచి గాలి పోతోంది.

"రుజువుంటే చెప్పు, సాహెబుకి నేనే చెప్తాను" అన్నారు వాసుదేవరావుగారు. "ముళ్లు రిసాలిలో అందరిళ్లలోనూ ఉన్నాయి. పొడిచిన వస్తువేదీ?"

జార్జి వాకిలంతా వెతికాడు. బొగ్గులు కాళ్లతో తోశాడు, డ్రమ్ము కదిపాడు. రెండుసార్లు నూకరత్నం పాదం పక్కనుంచే వెళ్లాడు. ఆమె చీర కుచ్చెళ్లు నేలకి జీరాడుతున్నాయి. వాటి కింద మట్టి తడుస్తోందని ఆమెకి తెలుస్తోంది.

"అప్పా, నువ్వు సూసినావా?" అనడిగాడు జార్జి. అక్కని పిలిచినట్టు అప్పా అనే పిలుస్తాడు, రైల్లో పరిచయమైన రోజునుంచీ.

"పొగ కదరా" అంది నూకరత్నం.

అబద్ధం కాదు. పొగ ఉంది.

"అయితే ఒట్టెయ్యమనప్పా ఈణ్ని!"

"ఏస్తాను! మీ బైబిలట్టుకురా, దానిమీదే ఏస్తాను!"

"నీది కాని పుస్తకం మీద నువ్వేటైనా ఏస్తావు. గుంట నెత్తిమీద సెయ్యెట్టి ఏయ్!"

ఛాయ గుమ్మంలో నిలబడి ఉంది. ఆరేళ్ల పిల్ల, నిద్రమొహం. తాతబ్బాయి కుంటుతూ వెళ్లి, రక్తం అంటిన చెయ్యి దాని నెత్తిమీద పెట్టాడు. ఆ చెయ్యి ఆ తలమీద పడి ఎన్నాళ్లైందో. పిల్ల ముందు మెడ ముడుచుకుంది, దెబ్బ కాదని తెలిశాక తల కాస్త పైకెత్తింది, ముద్దుచేస్తున్నాడేమోనని.

"జార్జిగాడి సైకిలు నాను ముట్టుకుంటే నా బిడ్డ నాకు దక్కదు."

లూసీ చీపురు దించింది. అప్పుడు ఛాయ అడిగింది, ఇంటి తెలుగూ బడి హిందీ కలిపి, చాలా మామూలుగా:

"నానా, కల్ నువ్వు అమ్మ డబ్బాలోంచి బడా సూది తీసావు కదా? అబ్ నాను సచ్చిపోతానా?"

తాతబ్బాయి కొట్టాడు. అరచేత్తోనే, కానీ క్రేను లీవర్లు లాగే చెయ్యి. పిల్ల గుమ్మానికి కొట్టుకుని కింద పడింది. ఏడవలేదు. నోట్లోంచి ఏదో తీసి చూసుకుంది. ఊగుతున్న పాలపన్ను.

నూకరత్నం కిందకి వంగింది. పాదంలోంచి దబ్బనాన్ని లాగింది. కుంటలేదు, తొందరపడలేదు. వంటింట్లోకి ఏదో మర్చిపోయి వెళుతున్న మనిషిలా నాలుగడుగులు వేసి, మొగుడి తొడలో దింపింది. బియ్యం బస్తా మూతి కుట్టేటప్పుడు మొదటి పోటు ఎంత గట్టిగా వెయ్యాలో ఆమెకు అలవాటే. దారం ఉన్న కన్నం ఒక్కటే బయట మిగిలింది.

అతను అరిచిన అరుపుకి ఇందాక మూసుకున్న కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

చెయ్యెత్తాడు. ఆమె దబ్బనాన్ని ఒక చుట్టు తిప్పింది. చెయ్యి దిగిపోయింది. మనిషి కూడా దాంతోపాటే దిగి నేలమీద కూర్చున్నాడు.

"వాసుదేవరావుగారూ, రుజువడిగినారు కదండీ" అంది, రొప్పుతూ. "ఇదిగోండి. దబ్బనం నాది, దింపినదీ నానే. అంతకుముందు జార్జి టైర్లలో దింపినది ఈయన. ఇంతసేపూ కాలికింద దాసినది కూడా నానే, అదీ రాసుకోండి."

వాసుదేవరావుగారు పళ్లపొడి మింగేశారు.

అప్పుడే ప్లాంటు కూత వేసింది. ఐదున్నర. తాతబ్బాయి తొడ పట్టుకుని లేవబోయాడు. "సత్యరాజు పైనున్నాడే. రాత్రి పదినుంచీ ఉన్నాడు. నాను ఎల్లకపోతే దిగలేడు."

"కూకో" అంది నూకరత్నం. "నాలాంటోళ్లు ఆరేళ్లనుంచీ రిలీవర్లేకుండా పైనే ఉన్నారు. ఎవులైనా సచ్చిపోయినారా?"

జార్జి రాలిన పన్నును చొక్కా జేబులో వేసుకున్నాడు. నోరు కడుక్కున్నాడు. గోడకి ఆన్చి ఉన్న తాతబ్బాయి సైకిలు తీశాడు.

"ఎక్కడికి?" అని లూసీ కేకేసింది. "ఈడి డ్యూటీ నువ్వెందుకు సేస్తావు? రెండింటికి మళ్లీ నీదుంది. పదారు గంటలు ఆ మూతితోనా?"

"సత్యరాజేటి తప్పు సేసినాడే?" అని జార్జి సైకిలెక్కాడు. రెండు డొక్కలూ పట్టుకున్నాయేమో, ఎక్కడానికి మూడుసార్లు పట్టింది.

తొమ్మిది రోజులు తాతబ్బాయి మంచం మీద ఉన్నాడు. కాలు వాచి, జ్వరమొచ్చి, రెండోరోజు ఆస్పత్రిలో కోసి కట్టుకట్టారు. "ఎలా తగిలింది?" అని డాక్టరడిగితే "బస్తా కుడతంటే" అన్నాడట. అదీ నిజమే, ఒక రకంగా.

వాసుదేవరావుగారు మాట నిలబెట్టుకున్నారు. జార్జి ఎర్రసిరాలు మూడూ కొట్టేశారు, అతని క్రేను అతనికి దక్కింది. చార్జిమేను జాబితాలో తాతబ్బాయి పేరు పోయింది. చొక్కా నిండా రక్తంతో నిచ్చెనెక్కినందుకు జార్జి పేరూ పోయింది. పోస్టు, జాబితాలో లేనే లేని పక్క క్రేను పరబ్రహ్మంగారికిచ్చారు. ఆయన ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఒక్క డబులూ చెయ్యలేదట. రెండింటికి దిగుతారు, నాలుగింటికి బాడ్మింటన్ ఆడతారు, సాయంత్రం పిల్లలకి ఎక్కాలు చెబుతారు. ఈ కబురు విన్న రోజు తాతబ్బాయి అన్నం ముట్టలేదు. పద్దెనిమిది డబుల్సు చేసినవాడికి ఇంతకంటే పెద్ద దెబ్బ ఆ దబ్బనం కూడా వెయ్యలేదు.

"అయితే ఇన్నాళ్లు నాను సేసింది ఏటే?" అన్నాడు కప్పు వంక చూస్తూ.

"పైన కూకున్నావు" అంది నూకరత్నం.

మంచం పక్కనే నేలమీద ఛాయ పుస్తకం పడి ఉంటే తీసి చూశాడు. అట్టమీద హిందీలో పేరు, దాని కింద క్లాసు. చదవలేకపోయాడు. పెళ్లాన్ని అడగడానికి ధైర్యం చాలలేదు. ఇద్దరికీ ఆ దవడ గుర్తుంది.

పదోరోజు డ్యూటీకెళ్లాడు. రెండు గంటల కూత వినబడింది. నూకరత్నం బియ్యం ఏరుతున్నట్టు గుమ్మంలో కూర్చుంది. అప్పటికి ఆ బియ్యం రెండుసార్లు ఏరడమైంది. రెండున్నర. రెండు నలభై. అతను మళ్లీ డబులుకి ఆగిపోతే ఏం చెయ్యాలో ఆమె ముందే అనుకుని ఉంది. ట్రంకు పెట్టె కట్టి తలుపు వెనక పెట్టింది.

మూడుకి ఐదు నిమిషాల ముందు సైకిలు నడిపించుకుంటూ, కుంటుతూ వచ్చాడు.

"ఏటలా సూస్తావు? జార్జి ఎక్కినాడు, నాను దిగినాను."

"ఏటన్నాడు?"

"ఏటీ అన్లేదు. నా మొహమైనా సూళ్లేదు." చేతిలోని పాత ట్యూబు చూపించాడు. "ఇది లూసీనడిగి అట్టుకొచ్చినాను. ముళ్లు దిగిన ట్యూబు. అతికిస్తాను."

వీధి కుళాయి దగ్గరికి బిందె పట్టుకెళ్లాడు. లైనులో ఆడవాళ్లు నవ్వారు. నిండుబిందె కుంటుకాలితో మోసుకొచ్చేసరికి సగం ఒలికింది. మళ్లీ వెళ్లాడు. వంటింట్లోకి కుళాయి రాలేదు గానీ, నీళ్లు మాత్రం వచ్చాయి.

తర్వాత బేసిన్లో ట్యూబు ముంచి ఛాయని పిలిచాడు, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూడమని. పిల్ల వచ్చింది, చెయ్యందనంత దూరంలో గొంతుకూర్చుంది. అతను పంపు అందుకోవడానికి చెయ్యెత్తగానే దాని రెండు చేతులూ తలమీదికి వెళ్లిపోయాయి. అతను ఆ చేతుల వంక చూశాడు. ఎత్తిన చెయ్యిని, క్రేను మీద గాజు సామాను దింపుతున్నంత నెమ్మదిగా, కిందకి దింపుకున్నాడు.

"అమ్మీ, ఆ పంపు నువ్వే ఇయ్యి" అన్నాడు.

చాలాసేపు ఆగి ఇచ్చింది.

నూకరత్నం ట్రంకు పెట్టె విప్పి చీరలు దండెం మీద వేసింది. దబ్బనాన్ని మాత్రం మళ్లీ డబ్బాలో పెట్టలేదు. గుమ్మం పక్క గోడకి, తన చెయ్యందే ఎత్తులో గుచ్చింది. అతను ఇంట్లోకి వచ్చేటప్పుడు, బయటికి వెళ్లేటప్పుడు ఆ ఎర్ర దారం కనపడేలా.