పసుపు కోటు రాలేదు

మామయ్యని ఈ మోటారుసైకిళ్ళ ప్రయాణానికి తీసుకొస్తానని పట్టుబట్టింది నేనే. అందుకే చేల మధ్య ఒక మలుపులో నిలబడి నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

మా ఆయన ముందే చెప్పాడు. “ఈసారి నాన్న దారి తప్పాడంటే ఆ బండి అమ్మేస్తాను. నువ్వు మళ్ళీ వకాల్తా పుచ్చుకోకు.” పోయిన నెల మామయ్య కూరగాయలకని వెళ్ళి, తిరిగొస్తూ మా వీధి మొదట్లోనే బండి ఆపేశాడు. ఇల్లు ఎటో తెలియలేదట. ఉద్యోగమంతా బస్సు నడిపిన మనిషి! ఎండకి తల తిరిగి ఉంటుందిలెమ్మని నేనే సర్దిచెప్పాను. ఆ బండి కూడా లాగేసుకుంటే ఇక ఆయనకి మిగిలేది కుర్చీ, కిటికీ. అది నా కళ్ళతో చూడలేను.

మా గుంపు పద్ధతి తేలికే. అందరికంటే ముందు డ్రిల్లు మాస్టారు, అందరికంటే వెనక పసుపు కోటు వేసుకున్న మెకానిక్. నాది టైలరింగ్ షాపు, ఆ కోటు కుట్టింది నేనే. మలుపు వచ్చినప్పుడల్లా మాస్టారికి సరిగ్గా వెనకున్న ఒకరు అక్కడ ఆగి, వచ్చేవాళ్ళకి ఎటు తిరగాలో చెయ్యి చూపించాలి. పసుపు కోటు దాటాకే బయల్దేరాలి. అంతకుముందు కదిలితే మాస్టారి నోట్లో పడ్డట్టే.

వెనక మలుపులో మామయ్యని నిలబెట్టారు, ఈ మలుపులో నన్ను. ఎటు చూసినా మనిషెత్తు మొక్కజొన్న. ఇల్లూ లేదు, మనిషీ లేడు, ఫోనుకి సిగ్నలూ లేదు. మిగతావాళ్ళంతా నన్ను దాటి వెళ్ళిపోయారు. రావలసింది ఇద్దరే. ఎంతసేపు చూసినా మెకానిక్ రాడు, మామయ్యా రాడు.

టైరు పంక్చరై ఉంటుందనుకున్నాను మొదట. తర్వాత దారిలో చూసిన పంట కాలవ గుర్తొచ్చింది. దానికి గట్టు కూడా సరిగ్గా లేదు. ఒక ట్రాక్టరు వస్తే చెయ్యెత్తి ఆపాను.

“బండి మీద ఒక పెద్దాయన కనిపించాడా అన్నా?”

“నేను ఇప్పుడే పొలంలోంచి ఎక్కానమ్మా. ఎవర్నీ చూడలేదు.”

పద్ధతీ లేదు, పాడూ లేదని బండి వెనక్కి తిప్పాను.

మామయ్య నిలబెట్టిన చోటే ఉన్నాడు, నిక్షేపంలా. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

“ఏంటి మామయ్యా, ఇంకా ఇక్కడే ఉన్నారు? అక్కడ నా ప్రాణాలు పోతున్నాయి. మెకానిక్ రాలేదా?”

“వచ్చాడు. వెళ్ళాడు.”

“ఎటు వెళ్ళాడు? నా దగ్గరికి రాలేదే.”

ఆయన ఎడమకి చూశాడు, మళ్ళీ కుడికి చూశాడు. మేమందరం తిరిగింది కుడికి.

“ఎడమకి పంపించాను,” అన్నాడు. “వాడు పోయాక అనుమానమొచ్చింది. మీరంతా ఎటు వెళ్ళారో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదమ్మాయ్. కదిలితే నేనూ తప్పిపోతానని ఇక్కడే ఉండిపోయాను.”

నీళ్ళ సీసా మూత తీసి చేతిలో పెట్టాను. ఆయన చొక్కా చెమటకి తడిసి ముద్దయిపోయింది.

అంతలో ఎడమ దారిలోంచి మెకానిక్ వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము. నేను కుట్టిన కోటు పసుపో మట్టో తెలియడం లేదు.

“భలే దారి చూపించారు పెద్దాయనా. ఎవరిదో పొలంలోకి తీసుకెళ్ళి వదిలేసింది. కుక్కలు వెంటపడ్డాయి.”

“తప్పు నాదేనయ్యా,” అన్నాను. “ఎడమకని నేనే ఆయనకి చెప్పి వెళ్ళాను.”

దారి విషయంలో ఎవరైనా ఒక్క మాట అంటే పడే మనిషి కాదు మామయ్య. ఇప్పుడు మాత్రం తల దించుకున్నాడు. మెకానిక్ ఆయన్నీ నన్నూ చూసి కోటు దులుపుకున్నాడు.

మామయ్య బండెక్కి స్టార్టు చేశాడు.

“నువ్వు ముందు పో. మరీ దూరం పోకు. నాకు కనపడుతూ ఉండు.”

ఎప్పుడూ ఆయన బండిని అందుకోలేక నేను చచ్చేదాన్ని. నా బండి దిగి ఆయన దగ్గరికి వెళ్ళాను. చెయ్యి చాపుతుంటే సిగ్గుగా, భయంగా ఉంది.

“తాళం ఇలా ఇవ్వండి మామయ్యా.”

ఇంతెత్తున లేస్తాడనుకున్నాను. లేస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన ఇంజను ఆపి, తాళం తీసి నా చేతిలో పెట్టాడు.

“బండిని ఇక్కడే వదిలేస్తామా?” అన్నాడు మామయ్య.

“నేనుంటాను కాపలా,” అన్నాడు మెకానిక్. “మాస్టారితో చెప్పి ఎవర్నైనా పంపించండి.”

నా వెనక ఎక్కడం ఆయనకి చేతకాలేదు. కాలు ఎక్కడ పెట్టాలో నేనే చెప్పాను. సర్దుకుని కూర్చుని, నా భుజాలు పట్టుకున్నాడు.

“మీ ఆయనకి నువ్వే చెప్పమ్మాయ్,” అన్నాడు. “నేను చెప్తే అమ్మొద్దని బతిమాలతాను.”