మడమ మీద చుక్క

నార్మల్ ఎంతో ఇంకా తేలలేదు కాబట్టి ఆ ఆస్పత్రిలో పుట్టిన నలభై ఒక్క మంది పిల్లల్లో ఎవరూ ఏడుపు మొదలుపెట్టలేదు. నోళ్ళు తెరిచి ఓపిగ్గా కాచుకుని ఉన్నారు.

"పసిబిడ్డ మెదడులోంచి రక్తంలోకి కాస్త పదార్థం జారుతుంది. ఎంత జారితే ఆరోగ్యమో చెప్పాలంటే ముందు ఒక మంచి బిడ్డ కావాలి," అంటుంది డాక్టరమ్మ.

కాకి పిల్ల కాకికి ముద్దు. తల్లులందరూ తమ బిడ్డనే ముందుకు చాస్తారు. డాక్టరమ్మ పైడమ్మ కొడుకును ఎంచుతుంది. పైడమ్మ పొంగిపోతుంది.

సూది మడమలో దిగుతుంది. దిష్టి తగలకుండా పొద్దున పైడమ్మ కాటుక చుక్క పెట్టింది సరిగ్గా అక్కడే. రక్తం నల్లగా వస్తుంది. డాక్టరమ్మ దాన్ని వెలుతురులో చూసి, "నార్మల్ అంటే ఇంత నలుపు," అని గోడ మీద రాస్తుంది. వెంటనే పైడమ్మ కొడుకు ఏడుస్తాడు.

మిగతా నలభై మంది రక్తం ఎర్రగా ఉంది. నర్సు వాళ్ళను ఒక్కొక్కరినీ ఇనప సొరుగుల్లో పడుకోబెట్టి, తెరిచిన నోళ్ళతోనే లోపలికి తోస్తుంది.

పక్క మంచం నూకాలు పొద్దున ఆ చుక్కను చూసింది. "అప్పా, నీ కాటుక ఓపాలియ్యవా? నా గుంటకి సిన్న సుక్కెడితే సాలు."

"నా కాడ లేదే," అంటుంది పైడమ్మ. అందరూ నార్మలైతే తన కొడుకు గొప్పేముంది? కాటుక భరిణెను తూము దగ్గర శుభ్రంగా కడిగేస్తుంది. పాపమని ఆమెకు తెలుసు.

తెల్లారి ఆయా పిల్లాడికి నీళ్ళు పోస్తుంది. చుక్క పోతుంది. డాక్టరమ్మ మళ్ళీ సూదితో వస్తుంది.

"కొలత బిడ్డ రోజూ ఒకేలా ఉండాలమ్మా. తేడా వస్తే వీడికీ ఒక సొరుగుంది."

పైడమ్మ వేలు తడి చేసుకుని తన ఎడమ కంటిని తుడుస్తుంది. కంట్లో నలుపంతా వేలికి వచ్చేస్తుంది. దానితో చుక్క పెడుతుంది. రక్తం నల్లగా వస్తుంది, డాక్టరమ్మ తృప్తిగా తలూపుతుంది.

"రేపటికో?" అంటుంది నూకాలు.

"ఇంకో కన్నుంది."

"మా కళ్ళు ఏడిసి ఏడిసి తెల్లబడిపోనాయప్పా. నీదొక్కటే మిగిలింది."

నలభై మంది తల్లులు సొరుగులను చంకనెత్తుకుని పైడమ్మ మంచం ముందు వరసగా నిలబడతారు. ఎవరూ తోసుకోరు. అందరూ వేళ్ళు తడి చేసుకుని ఉన్నారు. పైడమ్మకు ఒంటి కంటితో అంతా స్పష్టంగానే కనిపిస్తుంది.

వరసలో అందరికన్నా ముందు, ఆమె ఒళ్ళో ఉన్న కొడుకు ఏడుపు ఆపి, తన చిటికెన వేలును నోట్లో తడి చేసుకుంటాడు.