ఏడో పాదులో మంచుగడ్డ

వసంతంలో పూయాల్సిన పియోనీ పూలమొక్కల్ని మా గుడి తోటలో జనవరిలో పూయిస్తాం. మొక్క పాలిట అది మోసమే. అందుకే చలి తగలకుండా ఒక్కోదానికి వరిగడ్డితో గొడుగు కట్టి, చూసేవాళ్ళ కోసం ముందువైపు మాత్రం తెరిచి ఉంచుతాం. ఇరవై రెండేళ్ళుగా ఆ గొడుగులు కట్టేది నేనే.

ఆ ఏడాది నీళ్ళు పోసే పనికి కురత అనే నడివయసు మనిషి వచ్చాడు. అంతకుముందు ఏదో గులాబీ తోటలో చేశాడట. ఎందుకు మానేశావని అడిగితే, "మానేశానండీ" అని ఊరుకున్నాడు. ఆ జవాబు నాకు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"మధ్యాహ్నమే పొయ్యాలి. సాయంత్రం పోస్తే తెల్లారేసరికి గడ్డకట్టి వేళ్ళు చచ్చిపోతాయి," అని మొదటి రోజే చెప్పాను.

"అలాగే యసుయె గారూ," అన్నాడు.

కొత్త సంవత్సరం వచ్చాక పది రోజులు చినుకు లేదు, మంచు కురవలేదు. పొడిగాలి, నీలాకాశం. అలాంటి రోజుల్లో పొద్దున్నే తోటలోకి అడుగుపెట్టడమంటే నాకు ప్రాణం. రాత్రి చలికి మట్టిలోంచి సన్నటి మంచు సూదులు లేచి నేలనంతా వేలెడు ఎత్తున మోస్తుంటాయి. కాలు పెడితే కరకరలాడుతూ విరుగుతాయి. గడ్డి గొడుగుల అంచుల మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంటుంది. కొమ్మ మీది పిట్ట కూడా ఒళ్ళు ఉబ్బించుకుని ఊరికే కూర్చుంటుంది.

పన్నెండో తారీఖు పొద్దున ఏడో పాదు దగ్గర ఆగిపోయాను. ముదురెరుపు పువ్వు మీద మంచుపూసలు. మొక్క మొదట్లో మంచు సూదులు లేవు, అద్దంలాంటి గడ్డ ఉంది.

ఎనిమిదింటికి కురత రాగానే నిలదీశాను. "నిన్న సాయంత్రం నీళ్ళు పోశావా?"

"లేదండీ. పన్నెండున్నరకే పోశాను."

"అయితే ఆకాశం ఈ ఒక్క మొక్క మీదే కురిసిందా?"

"ఆకాశం సంగతి నాకు తెలీదండీ," అన్నాడు, చీపురు తీసుకుంటూ.

పక్కనే కెమెరా సర్దుకుంటున్న మినోవ మాస్టారు నిట్టూర్చారు. "పాపం, ఎంత మంచి పువ్వమ్మా." ఆయన రిటైరైన బడిపంతులు. ఏటా వస్తారు, పూల ఫొటోలు తీస్తారు, నాకు వేడివేడి కాల్చిన చిలగడదుంప తెస్తారు. తోట తెరిచేది తొమ్మిదింటికైనా, ఆయన కోసం ఆరున్నరకే పక్కతలుపు తీసి, నేను షెడ్డులో పొయ్యి వెలిగించుకునేదాన్ని.

రెండు రోజులకు మళ్ళీ అదే పాదు. ఆ సాయంత్రం కొళాయికి తాళం వేశాను. ఆగలేదు. ఇంటి నుంచి డబ్బాలో తెస్తున్నాడేమో అనుకున్నాను. కురత సంచి బరువు చూశాను. మెత్తటి మట్టిలో కొత్తవి పడితే తెలిసేలా అతని బూటు గుర్తుల పక్కన పుల్లలు గుచ్చాను. పుల్లలు గుచ్చి లేచేసరికి అతను ఎదురుగా నిలబడి ఉన్నాడు.

"ఈ వయసులో నా అడుగులు కొలిచే ఆడమనిషి దొరుకుతుందనుకోలేదండీ," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రోజు నుంచి నేనిచ్చిన టీ తాగలేదు. తప్పు చేసినవాడికే ఇంత పౌరుషం అనుకున్నాను.

గుడి పెద్ద గురువుగారి దగ్గరికి వెళ్ళి అతన్ని పూల పాదుల నుంచి తప్పించమన్నాను. ఆయన టీ గిన్నె కింద పెట్టారు.

"చూశావా?"

"చూడలేదు. కానీ ఇంకెవరుంటారండీ?"

"అయితే చూసి చెప్పు. అప్పటిదాకా అతన్ని ఆకులు ఊడవనీ."

ఆ రాత్రి చీకటిపడ్డాక చూస్తే పాదు పొడిగానే ఉంది. మర్నాడు ఆరున్నరకు తలుపు తీసి, పొయ్యి వెలిగించకుండా వెదురు కంచె వెనక నక్కాను. కురత ఎటు నుంచి దూరతాడా అని గోడవైపే చూస్తున్నాను. మాస్టారు వచ్చారు. ఏడో పాదు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. సంచిలోంచి చొక్కాలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లే సీసా తీశారు. పువ్వు మీద చల్లి, చేతులు రుద్దుకుంటూ ఆగి, మళ్ళీ చల్లారు. పూసలు కట్టాక ఫొటోలు తీసుకుని, మిగిలిన నీళ్ళు మొక్క మొదట్లో ఒంపేశారు.

నేను కంచె దాటి వచ్చేసరికి సీసా ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"కొంచెం నీళ్ళే కదమ్మా," అన్నారు.

"కురతను తిడుతుంటే పక్కనే ఉన్నారు కదా మాస్టారూ."

ఆయన సీసా మూత బిగించారు, విప్పారు, మళ్ళీ బిగించారు. "చెప్తే తలుపు తియ్యవని," అన్నారు చివరికి. "ఇంట్లో పొద్దున్నే లేచి చేసేదేం లేదమ్మా నాకు."

జాలి వేసింది. అయినా ఇక మీదట తొమ్మిదింటికి అందరితో పాటే రమ్మన్నాను. ఆయన వెళ్ళాక పక్కతలుపుకు గడియ పెట్టాను. తలుపు తీసింది నేను. ఏమాత్రం అనుమానించకుండా తీసింది ఆ ఒక్కరికే.

కురత వచ్చాక జరిగింది చెప్పి, తల వంచి క్షమించమన్నాను. అతను చీపురు గోడకు ఆనించాడు.

"గురువుగారి ముందు నన్ను అన్నారు. ఇది కూడా అక్కడే అనండి."

అతని వెంట వెళ్ళి అక్కడా అనేశాను. గురువుగారు విని కురతను అడిగారు, ఆ మొక్క బతుకుతుందా అని.

"గడ్డకట్టిన మట్టి తీసేసి, ఎండుమట్టి, పొట్టు వేసి చూడాలండీ. పువ్వు మాత్రం కొయ్యక తప్పదు. వేరు బతికిందో లేదో ఏప్రిల్ దాకా తెలీదు."

మధ్యాహ్నం ఎండ పడ్డాక ఇద్దరం ఏడో పాదు దగ్గర కూర్చున్నాం. గునపం తగిలితే గడ్డ పెంకులా లేచింది. అతను వేళ్ళు తెగకుండా చేత్తో మట్టి తోడుతుంటే నేను పొట్టు అందించాను. పని సగంలో అతనే మాట కదిపాడు.

"గులాబీ తోట ఎందుకు మానేశానో అడిగారు కదా. యజమాని చచ్చిపోయాడండీ. కొడుకు తోటంతా పీకించి కార్లు నిలిపే స్థలం చేశాడు. నాలుగు వందల మొక్కలు నా చేత్తోనే పీకాను. అది చెప్పుకోబుద్ధి కాలేదు."

పొట్టు బుట్ట అతని దగ్గరికి ఇంకాస్త జరిపాను.