బస్త్యాంవ్ బావి నీళ్లు

పొద్దున్నే రొట్టెలవాడు సైకిల్ హారన్ కొట్టుకుంటూ వెళ్లాక, వాడందరికీ పిన్ని వరసైన పక్కింటి కోంసూ మావుశి బిందె పట్టుకుని బస్త్యాంవ్ బావి దగ్గరికి వచ్చేది. చేద లాగి, దోసిట్లో కాసిని పోసుకుని రుచి చూశాకే బిందె నింపడమో మానడమో.

"చేదుగా ఉన్నాయిరా. ఎవరిమీద కోపం?"

"నాకేం కోపం లేదు మావుశీ."

"నీకు లేకపోతే నీ బావికి ఉందిలే."

బస్త్యాంవ్ మనసులో ఏముంటే ఆ బావిలో ఆ రుచి. కోపానికి చేదు, భయానికి వగరు. అతని పెళ్లయిన కొత్తలో చెరకు రసంలా ఉండేవట. చేదు రోజున ఆ నీళ్లతో వండుకుంటే ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం పోట్లాడుకునేవారు. అందుకే రుచి చూడటం. ఆ నీళ్లు తాగనిది బస్త్యాంవ్ ఒక్కడే. అతను తాగేది ఫెనీ, జీడిమామిడి సారా.

రొమ్ము కింద అప్పుడప్పుడు బరువుగా ఏదో కదిలేది. దాన్ని అతను దాహం అనుకునేవాడు. ఓడలో వంటవాడిగా ఉండగా అమ్మ పోయిందని కబురొచ్చినప్పుడూ అదే కదిలింది. గోవా చేరేసరికి సమాధి మీద గడ్డి మొలిచింది. బాధగా ఉందా అని అడిగినవాళ్లతో "దాహంగా ఉంది" అన్నాడు. అది ఇప్పటికీ తీరలేదు.

భార్య పియదాద్ అతన్ని మడగాంలో తాగుడు మాన్పించే డాక్టరుకి చూపించింది. "లోపల ఎలా ఉంటుంది మీకు?" అని ఆయన అడిగితే బస్త్యాంవ్ గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాడు. మళ్లీ రమ్మంటే వెళ్లలేదు. ఈస్టరు ముందు ఉపవాసాల్లో పియదాద్ పెట్టె సర్దుకుంది.

"ఉన్నావన్నమాటే గానీ ఖాళీ ఇంట్లో కాపురం చేస్తున్నట్టుంది. నీ లోపల ఏముందో ఒక్క మాట చెప్పు, ఉంటాను."

"బావిని అడుగు."

"నేను బావిని పెళ్లి చేసుకోలేదు."

పుట్టింటికి వెళ్లిపోయింది. ఆ తర్వాత అతను గ్లాసు కడిగి బోర్లించే చప్పుడు ఆ ఇంట్లో అన్నిటికంటే పెద్ద చప్పుడు.

మే వచ్చింది. నీళ్లు అడుక్కి దిగాయి. ఎన్నడూ లేనిది, ఉప్పగా ఉన్నాయి. అది దేని రుచో ఎవరికీ తెలియలేదు. బిందెలు రావడం మానేశాయి.

ఆ నెలలోనే వాడ శిలువ దగ్గర సాయంకాలం పాటల ప్రార్థన. ఇంటికో రోజు వంతు. వంతు వచ్చినవాళ్లు ప్రార్థన అయ్యాక ఉడికించిన శనగలు, తలా కాస్త ఫెనీ పంచాలి. బస్త్యాంవ్ వంతు వచ్చినప్పుడు శనగలు ఉడికించే పని కోంసూ మావుశి పైనేసుకుంది. ఆమె బావి ఎండిపోయింది. బస్త్యాంవ్ బావిలోవే తోడుకుంది. "ఉప్పేగా! శనగల్లో వేసే ఉప్పు మిగులుతుంది" అంది.

పాటకి జోడుగా రెండో గొంతు కలిపేవాళ్లు ఇంకెవరూ లేక పియదాద్‌ని పిలిపించారు. ఆమె పాడింది, భర్త వైపు మాత్రం చూడలేదు.

శనగలు పంచారు. ముందు రొట్టెలవాడు కళ్లు తుడుచుకున్నాడు. "మా అమ్మ గుర్తొస్తోందేమిటబ్బా!" తర్వాత ఫిడేలు వాయించే ముసలాయన. కాసేపటికి శిలువ చుట్టూ అందరూ ముక్కులు చీదుతున్నారు.

"ఏంటర్రా, ఎవరు పోయారని?" అంటూ కోంసూ మావుశి తనూ గుప్పెడు నోట్లో వేసుకుంది. నమలడం ఆపి బస్త్యాంవ్ వైపు తిరిగింది.

అతను సీసా పట్టుకుని దూరంగా గోడ పక్కన ఉన్నాడు. పియదాద్ తడి కళ్లతోనే వెళ్లి శనగల పొట్లం చాపింది.

"తిను."

తిన్నాడు. ఏళ్ల తరబడి సముద్రం మీద ఉన్నవాడికి, ఇది సముద్రం ఉప్పు కాదని తెలిసింది. రొమ్ము కింద బరువు కదిలింది. అలవాటుగా సీసా పైకి లేచి, సగంలో ఆగిపోయింది.

"దాహమా?" అంది పియదాద్.

"కాదు."

"మరి?"

అతను సీసా గోడ మీద పెట్టాడు.

"అమ్మ," అన్నాడు.

మర్నాడు రొట్టెలవాడు వెళ్లాక కోంసూ మావుశి వచ్చేసరికి బావిగట్టు మీద ఇద్దరున్నారు. కడిగిన ఫెనీ సీసాలో బస్త్యాంవ్ బావి నీళ్లు నింపుతున్నాడు.

"ఎక్కడికి ప్రయాణం?"

"మడగాం. డాక్టరు దగ్గరికి."

"మళ్లీ గడియారం చూసి రావడానికా? ఈసారన్నా ఏం చెప్తావు?"

"రుచి చూడమంటా."

రాత్రి నుంచి తాగలేదు. చేతులు వణికి బిరడా పట్టడం లేదు. పియదాద్ సీసా కదలకుండా పట్టుకుంది.